ఏడో రోజు మూసే కొట్టు

శనివారం పొద్దున ఎవర్ట్ అనుకున్న పని చిన్నదే. వారం నుంచి అడుగుతున్న అప్‌డేట్‌ను తన ఆన్‌లైన్ కొట్టుకు చేసేసి, మధ్యాహ్నానికల్లా కంప్యూటర్ కట్టేసి, చర్చి బూట్లు పాలిష్ చేసుకోవాలి. అతను అమ్మేది పిప్పరమెంటు బిళ్ళలు. ఆ ఊరి చర్చిలో ప్రసంగం మొదలవగానే బల్ల వెంట చేతులు మారేవి అవే. ఆదివారం మాత్రం కొట్టు ఉండదు. డబ్బు కట్టే చోట “ఈ రోజు విశ్రాంతి దినం, దయచేసి రేపు రండి” అని కనబడుతుంది.

రేపటి ఆరాధనలో కొత్త సంఘ పెద్దగా ఎవర్ట్ పేరు చదువుతారు. వారంలోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అతని తండ్రీ తాతా కూర్చున్న బల్ల అతనిదవుతుంది.

అప్‌డేట్ అయిన పది నిమిషాలకు చెల్లెలి మొగుడు హార్మ్ ఫోన్ చేశాడు.

“ఏం బావా, శనివారం పాటించేవాళ్ళలో ఎప్పుడు కలిశావు? చెప్పనైనా లేదే.”

“పొద్దున్నే ఏంటోయ్ నీ గోల?”

“గోల నాది కాదు, నీ కొట్టుది. నాలుగు డబ్బాలు కొందామంటే ఈ రోజు విశ్రాంతి దినం, రేపు రండి అంటోంది. రేపు ఆదివారం. రమ్మంటావా?”

ఎవర్ట్ చూసుకున్నాడు. నిజమే. వెంటనే సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఓపిగ్గా వివరించింది.

“కొత్త లెక్కలో వారం ఆదివారంతో మొదలవుతుందండీ. మీరు ఏడో రోజు మూయమన్నారు. ఏడోది శనివారమే కదా?”

పది ఆజ్ఞలు తెచ్చిన మోషేను అడిగినా ఆ అమ్మాయి పక్షమే వహిస్తాడని ఎవర్ట్‌కు అనిపించింది. “మా దగ్గర క్యాలెండర్లన్నీ సోమవారంతో మొదలవుతాయమ్మా,” అన్నాడు మెల్లగా.

“చాలామంది అదే అంటున్నారండీ. పైవాళ్ళకి చెప్తాను.”

“పైవాళ్ళు వినేదాకా కూర్చుంటావా? ఏడు తీసి ఒకటి పెట్టు,” అంది భార్య హిల్లె. పెట్టాడు. కొట్టు తెరుచుకుంది.

మధ్యాహ్నం, ఎవర్ట్ బూట్లు తోముకుంటుండగా, కంపెనీవాళ్ళు కూడా తప్పు దిద్దుకుని వారాన్ని మళ్ళీ సోమవారంతో మొదలుపెట్టారు. దాంతో ఒకటో రోజు కాస్తా సోమవారమైంది.

ఆదివారం ఆ ఇంట్లో కంప్యూటర్ ముట్టరు. రెండు పూటలా ఆరాధనకు వెళ్ళారు. పాస్టరు ఎవర్ట్ పేరు చదివినప్పుడు హిల్లె కళ్ళు తుడుచుకుంది. సోమవారం పొద్దున చూస్తే కొట్టు మూసి ఉంది. ముప్పై తొమ్మిది ఆర్డర్లున్నాయి, అన్నీ ఆదివారానివే. చాలావరకు ఒక ఆరాధనకూ మరొక ఆరాధనకూ మధ్య వచ్చినవి.

“అయిపోయింది. నేనే వెళ్ళి లుబ్బర్ట్ గారితో చెప్పేస్తాను,” అన్నాడు ఎవర్ట్.

“వెళ్ళక్కర్లేదు. ఆయనే సైకిలు దిగుతున్నాడు,” అంది హిల్లె కిటికీలోంచి చూస్తూ.

సంఘ పెద్దల్లో అందరికన్నా పాతవాడు లుబ్బర్ట్. టోపీ మోకాలి మీద పెట్టుకుని, అభ్యంతరం రాయడానికి తెచ్చిన కాగితం బల్ల మీద పరిచాడు.

“నిన్న నీ కొట్టు తెరిచి ఉందని విన్నాను.”

“ఉందండీ. పొరపాటు నాదే, దాచను. ఆర్డర్లన్నీ రద్దు చేస్తాను. కొన్నవాళ్ళ జాబితా ఇదిగోండి.”

లుబ్బర్ట్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. మొదటి పేరు దగ్గర తల పంకించాడు. నాలుగో పేరు దగ్గర దగ్గాడు. పదకొండో పేరు తన భార్యది. సమయం పన్నెండుంపావు.

“రద్దు చేస్తే వీళ్ళకి తెలుస్తుందా?”

“ప్రతి ఇంటికీ ఉత్తరం వెళ్తుందండీ, కొన్న రోజు, సమయంతో సహా.”

హిల్లె ఇచ్చిన కాఫీ లుబ్బర్ట్ మొత్తం తాగాడు. “తప్పు నీది కాదు ఎవర్ట్, యంత్రానిది. యంత్రానికి ఆజ్ఞలేం తెలుసు?”

“మరి కొన్నవాళ్ళు యంత్రాలు కాదు కదండీ?”

హిల్లె బల్ల కింద అతని కాలు తొక్కింది.

“బిళ్ళలు పంపించెయ్యి,” అన్నాడు లుబ్బర్ట్, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. “వచ్చే వారం ప్రసంగం పొడుగ్గా ఉంటుందట.”

ఆ వారం ఒక్క అభ్యంతరమూ రాలేదు. ఆ ఊళ్ళో ఏ సంఘ పెద్దనూ అంత నిశ్శబ్దంగా ఎన్నుకోలేదు.