మా తమ్ముడు సిద్ధుడైన వైనం

మా తమ్ముడు దత్తాత్రేయ తన పేరు మరిచిపోయిన రోజున జగ్గయ్యపేటలో అన్నదానం జరిగింది. పులిహోర బాగా కుదిరిందని వచ్చినవారందరూ అన్నారు.

దీనికి కారణమైన శివమూలికా ధ్యాన మండలి గురించి ముందు చెప్పాలి. మిర్చి హోల్‌సేల్ వ్యాపారి కుటుంబరావుగారు దాని వ్యవస్థాపక అధ్యక్షులు. కళ్ళు మూసుకుని కూర్చుంటే మనసు నిలవడానికి ఏళ్ళు పడుతుందని పెద్దలు చెబుతారు. కుటుంబరావుగారు పొద్దున్నే కొట్టు తెరవాలి. అందుకని ధ్యానానికి ముందు చిలుం పీల్చే పద్ధతి ప్రవేశపెట్టారు. టిఫిన్ వేళకి మోక్షం పూర్తవుతుంది. ఆ ఆకుని బయట గంజాయి అంటారు. మండలిలో ప్రసాదం అంటారు.

"సాక్షాత్తూ శివుడు సేవించాడు కదండీ," అన్నారు అధ్యక్షులు నాతో.

"విషం కూడా తాగాడు కదండీ," అన్నా.

"అది పత్తిచేలకే చాలట్లేదు మాస్టారూ!"



సాధకుల స్థాయిని మండలి శాస్త్రీయంగా నిర్ణయిస్తుంది. దగ్గేవాడు ప్రారంభ సాధకుడు. కారణం లేకుండా నవ్వేవాడిది ఆనందస్థితి. ఆపకుండా ఇడ్లీలు తినేవాడిలో అన్నమయకోశం తెరుచుకున్నట్టు. గోడతో మాట్లాడేవాడు ముందు వరసలో కూర్చోవచ్చు. పేరు మరిచిపోయినవాడు మాత్రం అప్పటికి లేడు. నందిగామ శాఖలో ఒకాయన ఉన్నాడన్నారు గానీ, విచారిస్తే ఆయన మరిచింది భార్య పేరు.

దత్తాత్రేయది వత్సవాయిలో గుమాస్తా ఉద్యోగం. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదని, ధ్యానం చేస్తే పడుతుందని ఎవరో చెబితే వెళ్ళాడు. నెమ్మదైనవాడు. ఏది చెప్పినా శ్రద్ధగా చేస్తాడు. ఇదీ అలాగే చేశాడు. ఒక ఉదయం ధ్యానంలోంచి కళ్ళు తెరిచి, వాణ్ణి ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన నన్ను చూసి, "మీరెవరండీ?" అన్నాడు. తన పేరడిగితే అదీ చెప్పలేకపోయాడు. చేతులు వణుకుతున్నాయి.

అధ్యక్షులు మైకు అందుకున్నారు. "భక్తులారా! అహం నశించింది! సొంత అన్నగారిని కూడా అండీ అంటున్నారంటే ఎంతటి సమదృష్టి! ఇది వణుకు కాదు, దివ్య ప్రకంపన! ఈ ఘనత మన జగ్గయ్యపేటకి దక్కింది!"

చప్పట్లు మోగాయి. దండలు పడ్డాయి. తమ్ముడి భార్య మైథిలి అన్నం కలిపి పెట్టబోతే, ఉపవాసం చెడుతుందని సేవకులు అడ్డుపడ్డారు.

"ఆయన నన్ను చూసి భయపడుతున్నారు బావగారూ. దండలేంటండీ దండలు! ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం," అంది మైథిలి.

కారు డ్రైవర్ బెన్నిని పిలిచా. వాడు తమ్ముణ్ణి చూడగానే చెప్పులు విడిచాడు.

"స్వామిని పిచ్చాసుపత్రిలో దింపితే నన్నీ ఊళ్ళో బండి తిప్పనిస్తారా సార్? నేను చర్చికెళ్ళేవాణ్ణే. అయినా రిస్కెందుకండీ," అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

విజయవాడ బస్సు ఎక్కాం. చిల్లకల్లు దగ్గర హైవే మీద పోలీసులు గంజాయి లారీని పట్టుకున్నారు. మండలి సభ్యులు వాళ్ళకి శాలువాలు కప్పుతున్నారు. "ఈ మహమ్మారి యువతని నాశనం చేస్తోంది!" అని టీవీ వాళ్ళకి చెబుతున్న కుటుంబరావుగారు బస్సు కిటికీలో మా తమ్ముణ్ణి చూశారు. అంతే, ఊరి సిద్ధుణ్ణి ఊరు దాటిస్తున్నారని కేక వేశారు. బస్సు ఆగింది. ప్రయాణికులందరికీ సంగతి తెలిసింది. ఒకామె కాళ్ళ మీద పడి, కొడుక్కి ఎంసెట్‌లో ర్యాంకు వస్తుందా అని అడిగింది.

"నాకు ఇంటికెళ్ళాలనుంది," అన్నాడు తమ్ముడు.

"పరంధామం గురించి సెలవిస్తున్నారు!" అన్నారు అధ్యక్షులు. ఆమె కళ్ళు తుడుచుకుంది. మమ్మల్ని డప్పులతో ఊరేగింపుగా జగ్గయ్యపేట చేర్చారు.

ఇప్పుడు మా వాకిట్లో వాలంటీర్లు కాపలా ఉంటున్నారు, నందిగామ శాఖవారు ఎత్తుకుపోకుండా. ప్రసాదం వేళకి అందుతోంది. మైథిలి దాన్ని దొడ్లో పారబోస్తే, నేల పావనమైందని ఆ మట్టిని పట్టుకెళ్ళారు.

పోయిన వారం మా బడిలో మాదకద్రవ్యాల వ్యతిరేక సభ జరిగింది. ముఖ్య అతిథి కుటుంబరావుగారు. పిల్లల చేత ప్రతిజ్ఞ నేనే చేయించా. సభ అయ్యాక తల్లిదండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని, వరసగా మా తమ్ముడి దర్శనానికి వచ్చారు. ఇది చదువుతున్న మీరూ ఆ వరసలో ఉన్నారు. వాడు మీ చెయ్యి గట్టిగా పట్టుకుని వదల్లేదు. మీరు ఆశీర్వాదమనుకుని పొంగిపోయారు.

విజయవాడలో డాక్టరుగారు రమ్మన్నారు. తమ్ముణ్ణి ఆయనకి ఇంకా చూపించలేదు.