దిగులు నిర్మూలన పథకం

విద్యాశాఖ మంత్రిగారు చారిత్రక ప్రకటన చేశారు. ఏడాది తిరిగేలోగా దేశంలో ఏ బడిలోనూ దిగులుపడే పిల్లలు మిగలరని, ఇందుకోసం ఉద్దండులైన కన్సల్టెంట్లను రప్పించామని, దిగులుకిక కాలం చెల్లిందని సెలవిచ్చారు. విలేకరులు రాసుకున్నారు. వెనక నిలబడ్డ అధికారులు అక్కడికక్కడే దిగులు మాని నవ్వారు.

పేపర్లో ఆ ప్రకటన చదివి నిజంగా సంతోషించిన మనిషి ఒక్కతే. ఆవిడ ఒక ప్రభుత్వ బడిలో కౌన్సెలర్. ఉద్యోగంలో చేరి ఏళ్ళు గడిచినా ఆవిడ పనేమిటో బయటివాళ్ళకు బోధపడలేదు. వార్డు కౌన్సిలర్ అనుకొని చుట్టుపక్కలవాళ్ళు మురుగుకాలవ సంగతి మొరపెట్టుకోవడానికి వచ్చేవారు. వచ్చారు కదా అని ఆవిడ అదీ వినేది. కాలవ బాగుపడేది కాదు గానీ, వాళ్ళు కాస్త తేలికపడి వెళ్ళేవారు.

ఆవిడ గది మెట్ల కింద. రెండు కుర్చీలు, ఒక కిటికీ, కాళ్ళు విరిగిన బెంచీలు. రోజూ భోజనాల బెల్లు కాగానే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె వచ్చి అక్కడ కూర్చునేది. ఆ పిల్ల నోరు విప్పి నెలలు గడిచాయి. తల్లి మొగుణ్ణి వదిలేసి పోయిందని వీధంతా అనుకుంటోంది. ఆ మాటెత్తితే తండ్రి మొహం మీదే తలుపేసేవాడు. కౌన్సెలరమ్మ ఆ పిల్లని ఏమీ అడిగేది కాదు. కమలాపండు ఒలిచి సగం చేతిలో పెట్టేది. ఈ మధ్య ఆ పిల్ల తొన నోట్లో పెట్టుకుంటూ ఏదో చెప్పబోయి ఆగుతోంది. ఇవాళో రేపో చెబుతుందని ఆవిడకి నమ్మకం కుదిరింది.

సరిగ్గా అప్పుడే ముగ్గురు కన్సల్టెంట్లు దిగారు.

"మీరు పిల్లలతో మాట్లాడే గది ఇదేనా? అద్భుతం!" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. "మేం ఇందులో కూర్చుంటాం."

"మరి పిల్లలతో నేనెక్కడ మాట్లాడాలండీ?"

"మాట్లాడటానికేం తొందర మేడమ్? ముందు దానికో విధానం రావాలిగా!"

ఆవిడ హెడ్మాస్టరు దగ్గరికి పరిగెత్తింది. ఆయన మంచివాడే. తల గోక్కుంటూ, "అమ్మా, వాళ్ళు పైనుంచి వచ్చారు. మీరు మెట్ల కింద ఉన్నారు. నేను మధ్యలో ఉన్నాను. నన్నేం చెయ్యమంటారో మీరే చెప్పండి" అన్నాడు.

ఆ రోజు నుంచి కౌన్సెలరమ్మకి ఊపిరాడలేదు. 'ఎదుటివారి మాట వినడం ఎలా' అన్న అంశం మీద పొద్దుటి పూట కన్సల్టెంట్లు మాట్లాడేవారు, ఆవిడ వినేది. ఎలా విన్నదో మధ్యాహ్నం పూట వాళ్ళే ఆవిడకి వివరించేవారు. ఆ పిల్ల బెల్లు కాగానే వచ్చి, మూసిన తలుపు పక్కన గోడకి ఆనుకొని నిలబడి, మళ్ళీ బెల్లు కాగానే క్లాసుకి వెళ్ళిపోయేది. కిటికీలోంచి ఆ జడలు కనబడ్డప్పుడల్లా ఆవిడ లేవబోయేది. "మేడమ్, ఏకాగ్రత!" అనేవాడు పెద్దాయన.

ఇంతలో మంత్రిగారే స్వయంగా బడి చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది.

"ఒక దిగులు పిల్ల కావాలి" అన్నాడు పెద్ద కన్సల్టెంటు. "మరీ ఏడ్చే రకం వద్దు. ఫోటోలో దిగులు కనబడాలి, పథకం పనిచేస్తున్నట్టూ ఉండాలి."

"మా దగ్గరుంది సార్!" అన్నాడు హెడ్మాస్టరు హుషారుగా. "అసలు మాట్లాడదు. ఏ ఇబ్బందీ ఉండదు."

మంత్రిగారు వచ్చారు. ఫోటోలో కొత్తదనం కోసం మెట్ల కింద గదిలో ఆయన్నే పిల్లలు కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టి, పిల్లని పక్కన నిలబెట్టారు. కెమెరా సర్దుతుండగా, ఎదుటి కుర్చీలో ఎవరు కూర్చున్నా అడిగే అలవాటు కొద్దీ కౌన్సెలరమ్మ మెల్లగా, "ఎలా ఉన్నారు? నిద్ర పడుతోందా?" అంది.

మంత్రిగారు నవ్వబోయారు. నవ్వు సగంలోనే నిలిచిపోయింది.

"లేదమ్మా... ఈ మాట నన్నెవరూ అడగలేదమ్మా" అన్నారు.

ఇక ఆగలేదు. పెద్ద శాఖ ఇస్తామని ఆశపెట్టి చివరికి చదువులు అంటగట్టారని, సొంత బావమరిదే గోతులు తవ్వుతున్నాడని, చెప్పుకొని చెప్పుకొని వెక్కి వెక్కి ఏడ్చారు. ఫోటోగ్రాఫరును బయటికి నెట్టారు. చివరి బెల్లు కొట్టినా పిల్లల్ని ఇళ్ళకు వదల్లేదు. మంత్రిగారింకా ఏడుస్తున్నారు కదా!

ప్రజాప్రయోజనాల దృష్ట్యా కౌన్సెలరమ్మని మంత్రిగారి బంగళాకు డెప్యుటేషన్ మీద వేస్తూ మర్నాడే ఉత్తర్వులొచ్చాయి.

"నాకు బడి ఉందండీ. నాకోసం ఒక పిల్ల ఎదురుచూస్తుంటుంది" అంది ఆవిడ.

"నన్ను ఇలా వదిలేసి పోతావా అమ్మా?" అన్నారు మంత్రిగారు, కళ్ళు తుడుచుకుంటూ.

చివరికి రాజీ కుదిరింది. రోజూ కారు పంపి ఆ పిల్లని బంగళాకే తీసుకొస్తారు. ఒక గంట ఆ పిల్లది. ఆ పూట కౌన్సెలరమ్మ గెలిచాననే అనుకుంది.

పిల్ల రోజూ వచ్చి సోఫా అంచున కూర్చునేది. దాని గంట మంత్రిగారి గంటల్లో కలిసిపోయేది. బావమరిది గొడవ ఎంతకీ తెమిలేది కాదు. పైగా కౌన్సెలరమ్మ మధ్యలో, "మీరు ఆయనకేమైనా మాటిచ్చి తప్పారా?" వంటి ప్రశ్నలు వేసేది. అప్పుడు మంత్రిగారు గడియారం చూసుకునేవారు.

ఒకరోజు కన్సల్టెంట్లు ఆవిడని సమావేశానికి పిలిచారు. తిరిగొచ్చేసరికి మంత్రిగారు ఆ పిల్ల ఎదురుగా కూర్చొని చెప్పుకుపోతున్నారు. పిల్ల రెప్పవేయకుండా చూస్తోంది. మంత్రిగారి మొహం కడిగిన పలకలా ఉంది.

"ఏం వింటుందమ్మా ఈ పిల్ల! గంటన్నర మాట్లాడితే ఒక్క ప్రశ్న వేస్తే ఒట్టు! ఇంత పనితనం పెద్దవాళ్ళలో లేదు."

"అది వినడానికి రాలేదండీ. దాని మాట మనం వినాలి."

"దాని మాటా? దానికసలు మాటలెక్కడున్నాయి?" అని మంత్రిగారు ఆశ్చర్యపోయారు.

ఆ సాయంత్రమే కౌన్సెలరమ్మని వెనక్కి పంపేశారు. పిల్లని జాతీయ బాల సలహాదారుగా నియమించారు.

అభినందన సభ ఘనంగా జరిగింది. కౌన్సెలరమ్మని పిలవలేదు. అయినా వెళ్ళి వెనక వరసలో నిలబడింది. పథకం వల్ల లబ్ధిదారుల్లో నూటికి నూరు శాతం మందికి దిగులు తీరిందని, ఆ లబ్ధిదారు వేదిక మీదే ఉన్నారని పెద్ద కన్సల్టెంటు ప్రకటించాడు. మంత్రిగారు లేచి దణ్ణం పెట్టారు. పక్కన పెద్ద కుర్చీలో కాళ్ళు నేలకందక, ఛాతీకి బ్యాడ్జీతో ఆ పిల్ల కూర్చుంది.

ముందు వరసలోని విలేకరి ఒకామె మైకు అందించి, "పాపా, నీకేమైనా చెప్పాలనుందా?" అని అడిగింది.

పిల్ల జనంలోకి వెతికి వెతికి వెనక వరసలో కౌన్సెలరమ్మని పట్టుకుంది. ఆవిడ తలూపింది.

"మా అమ్మ ఎక్కడికీ పోలేదు" అంది పిల్ల, బొంగురు గొంతుతో. "మా ఇంట్లోనే ఉంది. వెనక గదిలో. నాన్న తాళం వేశాడు."

మంత్రిగారు చటుక్కున మైకు అందుకున్నారు.

"విన్నారుగా! ఒకప్పుడు తల్లులు పిల్లల్ని వదిలేసి పొట్టచేత పట్టుకొని పోయేవారు. మన హయాంలో ప్రతి తల్లీ తన ఇంట్లోనే, పూర్తి భద్రత మధ్య ఉంది!"

చప్పట్లతో హాలు మారుమోగింది. కౌన్సెలరమ్మ అప్పటికే కుర్చీలు తోసుకుంటూ బయటికి పరిగెడుతోంది. గుమ్మం దగ్గర చిన్న కన్సల్టెంటు చేతులడ్డం పెట్టి, "ఒక్క నిమిషం మేడమ్" అన్నాడు చిరునవ్వుతో. "సభ మీకెలా అనిపించింది?"