తొట్టిలో ఐదు గుర్రాలు

ప్రత్తిపాడు చలమయ్య ఆ రోజుకి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే గుంటూరు బ్రాడీపేటలో క్రీస్తుదాసు షెడ్డుకి చేరడం, మరమ్మతుకిచ్చిన ఆయిలింజన్ని బండికెక్కించుకోవడం, పొద్దుగూకేలోగా బావి దగ్గర దించుకోవడం. శ్రావణం సగమైనా వాన జాడ లేదు. రెండెకరాల్లో నాటిన మిరప మొక్కలు తలలు వేలేశాయి. ఎల్లుండికి తడి అందకపోతే పీకి పొయ్యిలో పెట్టుకోవడమే.

క్రీస్తుదాసు పరీక్ష చేసి కళ్లారా చూపించందే ఇంజను అప్పజెప్పే మనిషి కాదు. ఆ పరీక్ష కూడా ఆయన సొంత ఏర్పాటే. ఇంజనుకి బెల్టు తగిలించి డైనమో తిప్పుతాడు. ఆ కరెంటు కిటికీలోంచి వైర్ల మీద షెడ్డు వెనకున్న సిమెంటు తొట్టిలోకి పోతుంది. తొట్టిలో రెండు ఇనప రేకులు, నీళ్లు, గుప్పెడు ఉప్పు. ఉప్పునీళ్లు కరెంటుని ఎంత లాగితే ఇంజను మీద అంత బరువు. అదెన్ని గుర్రాల బలమో షెడ్డులో మీటరు ముల్లు చెబుతుంది. మీటరు గాజు మీద సున్నంతో గీతలు పెట్టి, పక్కన గుర్రం బొమ్మ కూడా వేశాడు. అది గుర్రమని ఆయన చెబితే తప్ప తెలియదు.

చలమయ్య బండి తోలే పానకాలు ఎద్దుల్ని షెడ్డు వెనక నీడలో కట్టేస్తుంటే క్రీస్తుదాసు కిటికీలోంచి హెచ్చరించాడు.

"ఒరేయ్ పానకాలూ, ఇంజను తిరిగేటప్పుడు ఆ తొట్టి దగ్గరికి పోమాక. షాకు కొడుద్ది."

"అట్టాగేనయ్యా."

పానకాలు చెప్పిన మాట జవదాటడు.

ఇంజను తిప్పారు. నిన్న ఐదు చూపించిన ముల్లు నాలుగు దగ్గర ఆగింది.

"రాత్రికి రాత్రే ఒక గుర్రం ఎటు పోయిందయ్యా?" అన్నాడు చలమయ్య.

వైరు ఎక్కడో వదులై ఉంటుందన్నాడు క్రీస్తుదాసు. ఇంజను ఆపి, ప్రతి వైరు కొసనీ గరుకు కాగితంతో రుద్ది, ప్రతి మరనీ బిగించాడు. అరగంట పట్టింది. మళ్లీ తిప్పితే మూడు.

అయితే మీటరే చెడిందన్నాడు. మెయిన్ రోడ్డులో ఎలక్ట్రిక్ షాపు ఖాదర్ వలి ఇంకో మీటరు చంకలో పెట్టుకుని వచ్చాడు. దాన్ని తగిలించడానికి ముప్పావుగంట, టీలకి పావుగంట. ఈసారి పాతదీ కొత్తదీ రెండూ రెండున్నరే అన్నాయి.

"రెండు మీటర్లు కూడబలుక్కుని అబద్ధమాడవు భాయ్" అని తీర్పు చెప్పాడు ఖాదర్ వలి.

బెల్టు జారుతోందేమోనని ఆపి గుగ్గిలం పొడి చల్లారు. ముల్లు రెండు కూడా అందుకోలేదు.

చలమయ్యకి ఓపిక అయిపోయింది. "ఇంకో రెండుసార్లు బాగుచేశావంటే నేనే నీకు గుర్రాలు ఎదురియ్యాలి దాసూ. ఇయ్యాళ ఇది ఐదు చూపిచ్చిందంటే, నా ఎద్దుల్ని పక్కనబెట్టి కాడి నేనే ఎత్తుకుంటా." ఆ మాట షెడ్డులో ఉన్నవాళ్లంతా విన్నారు.

ఇక మిగిలింది ఇంజను విప్పడమే. విప్పితే రెండు రోజుల పని. చలమయ్య బోర్లించిన డబ్బా మీద కూలబడ్డాడు. ఆయన కళ్లలో మిరప తోట ఎండిపోతూనే ఉంది. క్రీస్తుదాసు మొదటి నట్టుకి స్పానరు తగిలించాడు. అప్పుడు కిటికీ అవతల పానకాలు తల కనిపించింది. చేతిలో బిందె ఉంది.

"అయ్యా, తొట్టిలో ఇంకో గుప్పెడు ఉప్పు వేయించండి. నీళ్లు చప్పబడిపోయినయ్యి. ఎద్దులు మూతి పెట్టటల్లేదు."

స్పానరు కిందపడింది.

"తొట్టి దగ్గరికి పోవద్దన్నాను గదరా!"

"తిరిగేటప్పుడు వద్దన్నారు. తిప్పకముందు ఒకసారి, తర్వాత ఆగినప్పుడల్లా తాపిచ్చా. ఎద్దుల ముందు తొట్టి ఖాళీగా ఉంచితే పాపం గదండీ, తాగినప్పుడల్లా పంపు నీళ్లు తెచ్చి నింపా. రేకులు అడ్డమొస్తే తీసి, మళ్లీ ఎక్కడియ్యక్కడ పెట్టా. ఉప్పేసి మరీ పెట్టారు, మర్యాద తెలిసిన షెడ్డు అనుకున్నా."

ఇంజను అడిగినంతే ఇస్తుంది. చప్పటి నీళ్లు తక్కువ అడిగాయి, అది తక్కువ ఇచ్చింది. బాగుచేద్దామని ఆపినప్పుడల్లా ఎద్దులు ఒక గుర్రాన్నో, అరగుర్రాన్నో తాగుతూ వచ్చాయి. క్రీస్తుదాసు తనే వెళ్లి తొట్టిలో ఉప్పు పోశాడు. ఇంజను తిప్పితే ముల్లు ఐదు దాటి గుర్రం బొమ్మ కాలు తాకింది.

ఎనిమిది మంది చేరి ఇంజన్ని బండికెక్కించారు. పానకాలు ఎద్దుల కోసం వెళ్లాడు. అవి పొట్టలు బిగిసి పడుకుని ఉన్నాయి. తోకలు మెలిపెడితే ఒకటి కన్ను తెరిచి, చూసి, మూసుకుంది. రేపు పొద్దుటికి గాని లేవవని పానకాలు వచ్చి చెప్పాడు.

రోడ్డు మలుపులో ఐదింటికి ప్రత్తిపాడు లారీ ఆగుతుందనీ, అందాకా చేరిస్తే రాత్రికి నీళ్లు పారించుకోవచ్చనీ ఖాదర్ వలి అన్నాడు. బండిని అందాకా లాగేదెవరని అందరూ చలమయ్య వైపు చూశారు. క్రీస్తుదాసు మాత్రం నూనె గుడ్డ తీసుకుని కాడిని ఈ కొస నుంచి ఆ కొసకి శుభ్రంగా తుడిచాడు.

చలమయ్య తలపాగా విప్పి, మడతపెట్టి, భుజాన వేసుకుని కాడి ఎత్తుకున్నాడు. రెండో కొస కింద పానకాలు దూరాడు. షెడ్డంతా వెనక నుంచి తోసింది.

ఐదు గుర్రాలు మాత్రం బండి మీద కూర్చుని వెళ్లాయి.