ఖాతాదారు స్వయంగా రావాలి

ఇల్లు మారే రోజు పొద్దున్నే క్యాషియరు గారు, ఈసారి పూచికపుల్ల కూడా పోదని భార్యకు ధైర్యం చెప్పాడు. ఆయన సంగతి చెప్పేదేముంది, బ్యాంకుకు సొంత బావమరిది వచ్చినా సంతకం అటు తిప్పి ఇటు తిప్పి చూసే మనిషి. సామాను తరలించే కంపెనీని ఊరికే ఒప్పుకుంటాడా? వాళ్ళు ఇదివరకు సర్దిన ఇళ్ళన్నిటికీ వెళ్ళి, గాజుసామాను పగిలిందా అని ఆరా తీసి వచ్చాడు. చివరికి మాట తప్పరని పేరున్న వాళ్ళను పట్టుకుని, మేస్త్రీతో బ్యాంకు పద్ధతే మాట్లాడాడు. కొత్త ఇంటి దగ్గర తాను స్వయంగా వచ్చి చెప్పేదాకా లారీ తలుపు తీయకూడదు.

"మా ఆవిడ చెప్పినా సరే, వినొద్దు," అన్నాడు, ఆవిడ పక్కనుండగానే.

మేస్త్రీ సరేనన్నాడు.

కూలీలు సామాను మోస్తుంటే, కింద మేస్త్రీ లారీని కనిపెట్టుకుని ఉన్నాడు. పైన ఈయన అటక దులపడానికి మొహమంతా తువ్వాలు చుట్టుకున్నాడు. దుమ్ము పడుతుందని విగ్గు తీసి ఇనప్పెట్టెలో పెట్టాడు. ఎక్కడైనా పోతాయేమోనని ఫోనూ, పర్సూ, కళ్ళజోడూ అందులోనే పడేసి తాళం వేశాడు. పెట్టె లారీ ఎక్కింది. భార్యను ముందు పంపించి, తాళాలు అప్పగించి వస్తానన్న మనిషి, ఆటోకు డబ్బుల్లేక ఎండలో నడక మొదలుపెట్టాడు.

కొత్త ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ గట్టిమనిషి. మధ్యాహ్నం దాటితే గేటుకు తాళం వేస్తానని, సామాను ఇక మళ్ళీ ఆదివారమేనని చెప్పేసింది. పాత ఇంట్లో అప్పటికే వేరేవాళ్ళు దిగిపోయారు. ఆ రాత్రికి రోడ్డే గతి. క్యాషియరు గారి భార్య మొగుడికి ఫోను చేస్తే లారీలోంచి మోగింది.

"మోగినా తీయకూడదమ్మా," అన్నాడు మేస్త్రీ బాధగా.

ఇంటావిడ తాళంకప్ప పట్టుకుని వచ్చేసరికి, మొహాన మసితో, నున్నటి గుండుతో ఆయన రొప్పుతూ దిగబడి, సామాను దింపమన్నాడు.

"పొద్దున అటక దులిపిన మనిషి," అన్నాడు ఓ కూలీ.

"క్యాషియరు గారికి ఒత్తయిన జుట్టండీ, నేను చూశాగా," అన్నాడు మేస్త్రీ.

"అది పెట్టెలో ఉందయ్యా."

"ఏది?"

"జుట్టు."

వీధి వీధంతా ఆగి వింటోంది. చూపించాలంటే తలుపు తీయాలని, తీయకూడదని ఆయనే అన్నాడని మేస్త్రీ మర్యాదగా గుర్తుచేశాడు. పోనీ ఈయన ఎవరో చెప్పమని క్యాషియరు గారి భార్య వైపు తిరిగాడు.

"నా మాట చెల్లదన్నారుగా నాయనా," అంది ఆవిడ. "నాకెందుకొచ్చిన సాక్ష్యం?"

తాళంకప్ప గేటుకు ఎక్కబోతోంది. క్యాషియరు గారు మేస్త్రీ వైపు తిరిగాడు.

"ఇకమీదట మా ఆవిడ మాటే మాట. నేను అడ్డం చెప్పినా వినొద్దు."

"మా ఆయనే," అంది ఆవిడ. "దింపండి."

మంచం కిటికీ దగ్గర వేయమన్నాడాయన. ఒక్కరూ ఆగలేదు. బీరువా గోడవారన అన్నాడు, అందరూ ఆవిడ వైపు చూశారు. కాళ్ళు పీకుతున్నాయి, కనీసం కుర్చీ అయినా ఇటివ్వమన్నాడు.

కుర్చీ ఎక్కడ వేయాలో ఆవిడ తీరిగ్గా ఆలోచించుకునేదాకా ఆయన మెట్ల మీదే కూర్చున్నాడు.