మూల మడవని కార్డు

ఒక నగరం ఎంత నాగరికమైనదో తెలియాలంటే అక్కడి దొంగల చేతితొడుగులు చూడాలి! ఈ సత్యాన్ని పారిస్‌కు బోధించిన ఘనత మా పత్రికది. మా సీరియల్లో బ్రెజాక్ ప్రభువు అనే పెద్దమనిషి దొంగ ఉన్నాడు. తొడుగులు వేసుకుంటాడు, నగలు తీసుకుంటాడు, విజిటింగ్ కార్డు పెట్టి వెళతాడు. ఏప్రిల్లో ఒక ఆదివారం ఆయన కార్డును లక్షమంది పాఠకులకు ఉచితంగా పంచాం.

మేలో మదాం సొవ్‌తేర్ ఇంట్లో గడియారం పోయింది. దాని స్థానంలో బ్రెజాక్ కార్డు! అది మొదలు, ఆమె అతిథులను పిలిచే మంగళవారాల్లో కుర్చీలు చాలలేదు. ఎదురింటి మదాం రోక్వేర్ పిలిచే గురువారాల్లో కేకులు మిగిలిపోయాయి.

జూన్‌లో ఆ రోక్వేర్ ఇంట్లోనూ పన్నెండు వెండి చెంచాలు పోయాయి. పోలీసు వార్తలు రాసే నాకు, పోలీసుల కంటే ముందే కబురు వచ్చింది.

"చూశారా ముస్యూ! ఆయన నన్నూ మరిచిపోలేదు!" అని మదాం కార్డు చూపించింది.

తర్వాత వచ్చిన పోలీసు కమిషనర్, వెర్దెలో అనే ఆయన, దాన్ని తిప్పి చూశాడు.

"మూల మడవలేదే, మదాం."

ఆమె కూర్చుండిపోయింది. ఇంటికి స్వయంగా వచ్చిన పెద్దమనిషి కార్డు మూల మడిచి వెళతాడు. మడవకపోతే నౌకరు చేత పంపినట్టు.

"నా ఇంటికి నౌకర్ని పంపాడా? మరి సొవ్‌తేర్ ఇంట్లో?"

"దానికి మడత ఉంది. నేనే చూశాను."

కమిషనర్ వెళ్ళగానే ఆమె మూల మడిచి, గోటితో రెండుసార్లు నొక్కింది. "మడత ఉందని రాయండి." రాశాను. నేను చూసేసరికి ఉంది కదా!

ఆ తర్వాతి గురువారం కుర్చీలు నిండాయి. మదాం సొవ్‌తేర్ కూడా వచ్చింది. కేకులు అయిపోయే వేళకు కమిషనర్ వెర్దెలో ఒక మనిషిని రెక్క పట్టుకుని లోపలికి తెచ్చాడు. ఆ మనిషి కుళాయిలు బాగుచేసే బూస్కా. చేతుల నిండా మసి. పనిముట్ల సంచిలో పన్నెండు చెంచాలు.

"మదాం, మీ దొంగ! ఇవి మీవని ఒక్క మాటనండి. అయిదేళ్ళు లోపలేయిస్తాను."

"తప్పయిపోయిందమ్మగారూ," అన్నాడు బూస్కా. "కుళాయి బాగుచేయడానికొచ్చి పట్టుకుపోయా. మిమ్మల్ని పక్కదారి పట్టిద్దామని పేపర్లో వచ్చిన కార్డు పెట్టా."

మదాం సొవ్‌తేర్ విసనకర్ర చాటున నవ్వింది.

"ఆవిడింట్లో గడియారం కూడా నేనే," అన్నాడు బూస్కా.

విసనకర్ర ఆగింది. "ఈ మనిషెవరో నాకు తెలియదు! నా కార్డుకు మడత ఉంది!"

"మడతేంటమ్మా? నేనేం మడవలేదే!"

అందరూ మదాం రోక్వేర్ వైపు చూశారు. ఆమె ఒక చెంచా తీసి, పిడి మీద చెక్కిన తన పేరులోని మొదటి అక్షరాలు చదివింది. పెళ్ళికి తల్లి చెక్కించి ఇచ్చినవి. చెంచాను తిరిగి సంచిలో పెట్టేసింది.

"ఇవి నావి కావు."

"మదాం, మీ అక్షరాలే!"

"ఈ అక్షరాలు పారిస్‌లో ఎందరికో ఉంటాయి, కమిషనర్. పాపం, వీళ్ళావిడవేమో!"

ఫిర్యాదు లేదు, కేసు లేదు. చట్టప్రకారం సంచి, చెంచాలు బూస్కాకే ఇచ్చి సంతకం తీసుకున్నారు.

మెట్ల మీద బూస్కా నన్ను ఆపాడు. "అయ్యా, ఆ మడత సంగతేంటి?"

వృత్తిధర్మం కొద్దీ ఉన్నదున్నట్టు చెప్పాను.

పదిరోజులకు మదాం రోక్వేర్ ఇంట్లో వెండి కొవ్వొత్తి స్టాండ్లు పోయాయి. నేను వెళ్ళేసరికి ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. చేతిలో కార్డు. మూలన చక్కని మడత, దాని మీద మసి అంటిన బొటనవేలి ముద్ర.

"రాసుకోండి ముస్యూ!" అంది, ముద్రను రుమాలుతో తుడిచేస్తూ. "ఈసారి ఆయన స్వయంగా వచ్చారు!"