బక్కమ్మ రక్తం నార్మల్‌కు వచ్చిన విధానం

ఒక రాష్ట్రం ఎంత ముందుకు పోయిందో తెలియాలంటే రోడ్లూ ప్రాజెక్టులూ చూడనక్కర్లేదు, ప్రజల రక్తపరీక్ష రిపోర్టులు చూస్తే చాలు. అన్నీ నల్లసిరాలో ఉంటే ప్రజలు నార్మల్‌గా ఉన్నట్టు. ఒక్క అంకె ఎర్రగా కనబడినా పరిపాలన పరువు పోయినట్టే. ఈ సత్యాన్ని కనిపెట్టినవారు 'సర్వజన నార్మల్ మిషన్' హాలియా విభాగాధికారి రాంచందర్ గారు. (రక్తం చూస్తే ఆయనకు కళ్లు తిరుగుతాయి. అందుకని రిపోర్టులే చూస్తారు.)

హాలియా పరువు తీస్తున్న ఆ ఒక్క అంకె బక్కమ్మది. బస్టాండు పక్కన మిరపకాయ బజ్జీలు వేసే ఆమెకు హైదరాబాద్ డాక్టర్లు గుండెలో ఇనుప వాల్వు పెట్టారు. పక్కన కూర్చుంటే టిక్కుటిక్కుమని వినబడుతుంది కూడా. భర్త గుర్వయ్యకు ఆ చప్పుడుంటేనే నిద్ర. వాల్వు దగ్గర రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకే రక్తం పల్చగా ఉండేందుకు జీవితాంతం గోలీ వేసుకోవాలి, రిపోర్టులో అంకె మామూలు మనిషి కంటే ఎక్కువే రావాలి. ఎక్కువొస్తే యంత్రం ఎర్రగా అచ్చేస్తుంది. ఆ ఎరుపు చూసుకునే బక్కమ్మ నిశ్చింతగా బజ్జీలు వేసేది.

నిద్ర పట్టనిదల్లా రాంచందర్ గారికే. మిషన్ ఆఫీసులో ఉచితంగా ఇచ్చే గోలీల కోసం వచ్చిన బక్కమ్మను నిలబెట్టి అడిగారు.

"హాలియ మొత్తంల నువ్వొక్కదానివే ఎర్రగున్నవేందమ్మా?"

"ఎర్రగుంటెనే నేనుంటనట సారూ. డాక్టర్ సాబ్ చెప్పిండు."

"డాక్టర్‌కు నీ ఒక్కదాని ఫికరే. నాకు ఊరు మొత్తం ఫికర్. కొత్త రూల్ వచ్చింది. రిపోర్టు నార్మల్ వచ్చినోళ్లకే గోలీలు."

"నార్మలున్నోళ్లకు గోలీలెందుకు సారూ?"

"గందుకే వాళ్లు అడుగుతలేరు. స్టాక్ మంచిగ పైలంగున్నది."

బక్కమ్మకు ఒళ్లు మండింది. "నాకు కాలో చెయ్యో పడిపోతె నువ్వొచ్చి బజ్జీలేస్తవా?" అని అడిగేసింది. ఆ ప్రశ్న మిషన్ పరిధిలోకి రాదని ఆయన మర్యాదగా సెలవిచ్చారు.

వారం రోజులు వెతికినా ఊళ్లో ఏ మందుల దుకాణంలోనూ ఆ గోలీ దొరకలేదు. గుర్వయ్య హైదరాబాద్ పోయి తెచ్చేలోపే మిషన్ వాళ్లు ఇంటికొచ్చి రక్తం తీసుకుపోయారు. గోలీ పడని రక్తం చిక్కబడక ఏం చేస్తుంది? రిపోర్టు నల్లగా నిగనిగలాడుతూ వచ్చింది. హాలియా నూటికి నూరు శాతం నార్మల్!

ఇంత ఘనకార్యం జరిగాక సన్మానం చేయకుండా ఊరుకుంటారా? గుర్వయ్య గోలీలతో ఊళ్లో దిగేసరికే బక్కమ్మను వేదిక ఎక్కించి, శాలువా కప్పి, చేతికి మైకిచ్చారు. బక్కమ్మ నాలుగు తిట్లు తిడదామనే ఎక్కింది. నోరు తెరిచింది. మూతి ఒక పక్కకు పోయింది, మాట ముద్దముద్దగా వచ్చింది, కుడిచేతిలోని మైకు జారి కిందపడింది. "అయ్యో, గిదేందే బక్కమ్మా!" అంటూ గుర్వయ్య ఆమెను ఎత్తుకుని ఆటో వైపు ఉరికాడు. (ఆనందంతో లబ్ధిదారుకు నోట మాట రాలేదని మిషన్ పత్రికా ప్రకటన విడుదల చేసింది.)

అదృష్టం బాగుండి దవాఖానలో ప్రాణం దక్కింది. మూతి కుదురుకుంది, కుడిచెయ్యి మాత్రం ఇంకా లేవలేదు. గోలీలు మళ్లీ మొదలయ్యాయి, రిపోర్టు మళ్లీ ఎర్రగా వచ్చింది. దాంతో, నార్మల్ హోదా కోల్పోయినందున శాలువా వాపసు చేయవలసిందిగా నోటీసు అందింది. ఒంటిచేత్తో మడవబోతే బక్కమ్మకు చేతకాలేదు, ఏడుపొచ్చింది. గుర్వయ్యే మడిచి పట్టుకెళ్లాడు.

రాంచందర్ గారు దాన్ని విప్పి, అటూ ఇటూ తిప్పి చూసి, నల్లసిరాతో రసీదు రాసిచ్చారు: "శాలువా నార్మల్‌గా ఉన్నది."