ఆరో నంబరు కుర్చీకి చావు లేదు

చావుకు మందు కనిపెట్టారు. మీకింకా తెలిసినట్టు లేదు. కనిపెట్టింది డాక్టర్లు కాదు. సాఫ్ట్‌వేర్ వాళ్లు!

ఆ మందు పేరు యూజ్ కేస్. మాత్ర కాదు, సూది కాదు. తెల్లబోర్డు మీద గీసే బొమ్మ. ఒక గుండ్రటి తలకాయ, దాని కింద నాలుగైదు పుల్లలు. పక్కన ఒక కోడిగుడ్డు. పుల్లల మనిషికీ కోడిగుడ్డుకీ మధ్య ఒక గీత. అంతే! ఆ బొమ్మలోకి ఒకసారి ఎక్కినవాడికి ముసలితనం లేదు, మరణం లేదు.

నమ్మరా? నా భార్యే సాక్ష్యం. ఆవిడ కన్నుమూసి ఏడు వారాలైంది. అయినా మొన్న మంగళవారం ఉదయం ఏడింటికి డయాలసిస్ కేంద్రంలో ఆరో నంబరు కుర్చీ ఆవిడ కోసం సిద్ధంగా ఉంది. యముడు తీసుకుపోయాడు గానీ సిస్టమ్ ఒప్పుకోలేదు. ఎవరు గొప్పో మీరే తేల్చుకోండి.

కొంచెం వివరంగా చెబుతాను. మేధావుల పని అర్థం కావాలంటే ఓపిక కావాలి.

సాఫ్ట్‌వేర్ రాసే ముందు అది ఏమేం చెయ్యాలో తెలుసుకోవాలట. అందుకని దాన్ని వాడబోయే మనుషుల్ని కూర్చోబెట్టి, "మీ పని ఒక కథలా చెప్పండి" అంటారు. ఆ కథ పేరు సినారియో. అందులో మనిషి పేరు యాక్టర్. పుల్లల బొమ్మ అతనిదే. అతనికి ఏం కావాలో కోడిగుడ్డులో రాస్తారు. మొదట అంతా సవ్యంగా జరిగిపోయే కథ రాసుకుంటారు. ఆ తర్వాత "ఏదైనా తేడా వస్తే?" అని అడిగి, ఆ తేడాలన్నీ కింద చేరుస్తారు.

ఎంత గొప్ప ఆలోచన! కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. పాతకాలం వాళ్లు, పాపం. వీళ్లు ముందు మేలెంచుతారు. టైముంటే కీడెంచుతారు. టైము ఎప్పుడూ ఉండదు. కాబట్టి కీడు కూడా ఉండదు!

మా బిల్డింగులో లిఫ్టు ఉంది. దాని ఫిర్యాదుల యాప్‌లో మొదటి మెట్టు, 'వినియోగదారుడు లిఫ్టులోంచి బయటికి వస్తాడు.' రెండో మెట్టు, 'ఫిర్యాదు చేస్తాడు.' కింది అంతస్తు పళ్ల డాక్టరు నలభై నిమిషాలు లోపల ఇరుక్కుపోయాడు. ఫిర్యాదు నమోదు కాలేదు. రికార్డులు చూడండి, మా లిఫ్టులో ఇంతవరకూ ఎవరూ ఇరుక్కోలేదు. ఇంతకన్నా మంచి లిఫ్టు ఎక్కడైనా ఉందా?

ఎదురింటి అవ్వ సంగతి వినండి. తల్లీ తండ్రీ లేని మనవరాల్ని ఆవిడే సాకుతోంది. బడి యాప్‌లో యాక్టర్లు ఇద్దరే, తల్లి, తండ్రి. తల్లి గడి ఏ కారణానో తెరుచుకోలేదు. అవ్వ తండ్రిగా చేరిపోయింది. "ప్రియమైన నాన్నగారూ" అని వారం వారం మెసేజ్ వస్తుంది. మొన్న బడి ఆటల పోటీల్లో తండ్రుల పరుగుకి పేరు పిలిచారు. అవ్వ చీర కుచ్చిళ్లు దోపుకుని పరిగెత్తింది. మూడో స్థానం! డెబ్బై ఏళ్ల వయసులో ఆవిడకి మగతనం, పతకం రెండూ ప్రసాదించింది ఎవరు? యూజ్ కేసే కదా!

ఇక నా ఇంటి కథ.

రెండేళ్ల కిందట డయాలసిస్ కేంద్రానికి కొత్త సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టారు. ఎవరికి ఏ రోజు, ఏ కుర్చీ అన్నది ఇక అదే చూసుకుంటుందన్నారు. పేషెంట్ల తరఫున ఒకరు మాట్లాడాలన్నారు. హెడ్ నర్సు మా ఆవిడ పేరు చెప్పింది. మా ఆవిడ దర్జీ. నోరున్న మనిషి. తోడుగా నన్నూ రమ్మన్నారు.

కేంద్రం వెనక గదిలో సమావేశం. అనలిస్టు జేబులో నాలుగు రంగుల మార్కర్లు. గోడకి తెల్లబోర్డు. సూపరింటెండెంటు, హెడ్ నర్సు, మేమిద్దరం. బిస్కెట్లు పెట్టారు. మా ఆవిడ తినకూడదు, నేను తిన్నాను.

అనలిస్టు పుల్లల మనిషిని గీసి కింద 'పేషెంట్' అని రాశాడు.

"ఇది నేనా బాబూ?" అంది మా ఆవిడ.

"మీరేనమ్మా."

"పెళ్లినాడు కూడా ఇంత సన్నగా లేను. మెడ కాస్త పెట్టు నాయనా, జాకెట్టు ఎలా తొడగను?"

అందరూ నవ్వారు. అతను మెడ పెట్టాడు.

మా ఆవిడ కథ చెప్పింది. ఇంటి నుంచి బయల్దేరతాను, చీటీ తీసుకుంటాను, బరువు చూస్తారు, కుర్చీలో కూర్చుంటాను, నాలుగు గంటలు మిషను రక్తం కడుగుతుంది, ఇంటికి పోతాను. అనలిస్టు ఒకటి, రెండు, మూడు వేసి రాసుకున్నాడు. బాగా రాశాడు. తప్పు పట్టను.

"ఇప్పుడు చెప్పండమ్మా, ఎక్కడ తేడా రావచ్చు?"

"బస్సు ఆలస్యమైతే?"

రాశాడు.

"కరెంటు ఆగితే?"

రాశాడు. "భలే చెబుతున్నారమ్మా!" అన్నాడు.

"నేను చచ్చిపోతే ఆ కుర్చీ ఎవరికిస్తారు?"

మార్కరు ఆగింది.

మొదట నోరు చేసుకున్నది నేనే. "నోటికి అడ్డూ ఆపూ లేదా నీకు? నలుగురిలో అవేం మాటలు?" అని కసిరాను.

"శుభమా అని పని మొదలుపెడుతుంటే ఆ మాటెందుకమ్మా! మీకు నూరేళ్లు" అన్నాడు సూపరింటెండెంటు.

"ఈ పిన్నిగారికి అన్నీ వేళాకోళాలే" అంది హెడ్ నర్సు.

"అలాంటివి రాయం లెండమ్మా" అని నవ్వాడు అనలిస్టు.

"రాయకపోతే జరగదా?" అంది మా ఆవిడ. "గుడ్డ కత్తిరించకముందే అడగాలయ్యా. లోపల అంగుళం బట్ట వదలకుండా కుట్టేదాన్ని దర్జీ అనరు. బయట కుర్చీ కోసం ఎంతమంది కూర్చున్నారో చూశావా?"

ఎవరూ చూడలేదు. అనలిస్టు బోర్డు కింద ఆఖరి వాక్యం రాశాడు, 'పేషెంట్ సంతోషంగా ఇంటికి వెళ్తారు.' మేము సంతోషంగా ఇంటికి వెళ్లాం. బస్సులో ఆవిడ నా పక్కన కాకుండా వేరే సీట్లో కూర్చుంది.

ఆ సంస్కారం చూశారా! మనసు నొచ్చుకునే మాట ఒక్కటి కూడా లేని సాఫ్ట్‌వేర్! మర్యాదస్తులు రాసిన సాఫ్ట్‌వేర్!

ఏడు వారాల కిందట మా ఆవిడ ఇంట్లోనే పోయింది. సోమవారం సాయంత్రం. మర్నాడు ఉదయం ఆరింటికి ఆవిడ ఫోనుకి మెసేజ్ వచ్చింది, 'శుభోదయం! ఆరో నంబరు కుర్చీ మీ కోసం ఎదురుచూస్తోంది.' శుక్రవారం ఇంకొకటి, 'నిన్నటి కన్నా నేడు మిన్న! రావడం మరిచిపోకండి.' పేషెంట్ రాకపోతే ఏం చెయ్యాలో సినారియోలో ఉంది. ఆప్యాయంగా గుర్తుచెయ్యాలి. మళ్లీ రాకపోతే మరింత ఆప్యాయంగా గుర్తుచెయ్యాలి. బతికుండగా నేను కూడా ఆవిడతో అంత ఆప్యాయంగా మాట్లాడలేదు.

చెప్పి రద్దు చేయిద్దామని రెండో వారం కేంద్రానికి వెళ్లాను. ఆరో నంబరు కుర్చీ ఖాళీగా ఉంది. శుభ్రమైన దుప్పటి పరిచి ఉంది. బయట బెంచీ మీద ఒక బస్సు డ్రైవరు కూర్చుని ఉన్నాడు. కాళ్లు వాచి చెప్పుల్లో పట్టక, చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. వారానికి రెండుసార్లు మిషను ఎక్కాల్సిన మనిషికి ఒక్కసారే దొరుకుతోందట. ఎవరైనా రాకపోతే ఎక్కిస్తారేమోనని రోజూ వచ్చి కూర్చుంటాడు.

కౌంటరులో అమ్మాయికి చెప్పాను, నా భార్య చనిపోయింది, పేరు తీసెయ్యమని.

"అయ్యో, సారీ అంకుల్. కానీ మీరు అటెండెంట్ కదా. అటెండెంట్ చూడ్డానికే, మార్చడానికి కుదరదు. పేషెంటే రద్దు చెయ్యాలి."

"పేషెంట్ లేదమ్మా."

"లేకపోతే ఎలా అంకుల్? కుర్చీ ఉందిగా!"

ఈ తర్కానికి తల వంచాను. కుర్చీ ఉంది కాబట్టి మనిషి ఉంది!

హెడ్ నర్సు నన్ను పక్కకి పిలిచింది. కళ్లు తుడుచుకుంది. "నా చేతుల్లో ఉంటే ఆ డ్రైవర్ని ఎప్పుడో కూర్చోబెట్టేదాన్ని బాబాయ్ గారూ. చీటీ మీద పేరూ కుర్చీ నంబరూ కలవకపోతే మిషను ఆన్ అవ్వదు" అంది. మరణ పత్రం జిరాక్సు తీసుకుంది. సూపరింటెండెంటు దాని మీద 'తగు చర్య నిమిత్తం' అని రాశాడు. చర్య ఇంకా తగిన సమయం కోసం చూస్తోంది.

డ్రైవరు నాకు అలవాటయ్యాడు. మంగళవారం, శుక్రవారం పక్కపక్కన కూర్చునేవాళ్లం. ఒకరోజు అడిగాడు, "అన్నా, వదినగారు ఈ పూట కూడా రారా?"

"రాదు."

"కిటికీలోంచి సీటు మీద రుమాలు వేసి, అసలు బస్సే ఎక్కని ప్యాసింజర్లని చాలామందిని చూశాను. మీ ఆవిడ వాళ్లందరికీ గురువు."

కోపం రాలేదు. ఆవిడ ఉంటే ముందు ఆవిడే నవ్వేది.

ఐదో వారం అనలిస్టు ఆఫీసు వెతుక్కుంటూ వెళ్లాను. బాగా చల్లగా ఉంది. గోడల నిండా పుల్లల మనుషులు. ఒక్కరికీ మెడ లేదు. అతను నన్ను గుర్తుపట్టాడు. కుర్చీ వేశాడు. విన్నాడు.

"నిజమే సార్. ఆ సినారియో రాలేదు. మార్పు కావాలంటే రెండో విడతలో చూద్దాం. మొదటి విడత మాత్రం యూజర్లే ఆమోదించారు."

"ఏ యూజరు ఆమోదించాడు?" అని గొంతు పెంచాను. "వాణ్ని చూపించు!"

అతను పత్రం తిప్పి ఆఖరి పేజీ చూపించాడు. 'పైన రాసినవి తప్ప వేరే సందర్భాలు లేవని పేషెంట్ల తరఫున అంగీకరిస్తున్నాను.' కింద సంతకం. వంకర అక్షరాలు. మా ఊరి బడి పంతులు బెత్తంతో నేర్పిన అక్షరాలు. నావి.

మా ఆవిడ ఆ రోజు సంతకం పెట్టనంది. చెయ్యి నొప్పిగా ఉందేమోననుకుని నేను పెట్టాను.

అనలిస్టు మంచివాడు. చిన్నగా చెప్పాడు, "ఆవిడ ఫోను మీ దగ్గరుంటే పని అయిపోతుంది సార్. అందులోంచి రద్దు నొక్కండి."

ఫోను ఉంది. కుట్టుమిషను సొరుగులో ఉంది. రోజూ ఛార్జింగ్ పెడుతున్నాను. ఎందుకని అడక్కండి.

ఇంటికొచ్చి నొక్కాను. 'కారణం ఎంచుకోండి' అంది. నాలుగే ఉన్నాయి. ఊరు వెళ్తున్నాను. ఈ రోజు వీలుపడదు. వేరే కేంద్రానికి మారాను. పూర్తిగా కోలుకున్నాను.

నేను లారీల కాటా దగ్గర ముప్పై ఏళ్లు చేశాను. ఖాళీ లారీని కూడా తూచాం. ఖాళీ బరువు తెలియనివాడికి సరుకు బరువు తెలియదు. ఒక్కనాడూ దొంగ తూకం రాయలేదు. నాలుగు అబద్ధాల్లో ఒకటి ఏరుకోమంటే చెయ్యి రాలేదు. ఫోను సొరుగులో పెట్టేశాను. మంగళవారం ఉదయం ఆరింటికి మళ్లీ 'శుభోదయం' వచ్చింది. నిజం చెబుతున్నాను, అది కూడా ఒక కారణం.

మొన్న ఏడో వారం మంగళవారం. డ్రైవరు కేంద్రం మెట్లు ఎక్కలేకపోయాడు. మూడే మెట్లు. రెండో మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఊపిరి గుర్రుగుర్రుమంటోంది. ఆయన భార్య పక్కన నిలబడి విసురుతోంది. "ఇవాళైనా ఖాళీ ఉందా అన్నా?" అని అడిగింది.

అద్దం తలుపు అవతల ఆరో నంబరు కుర్చీ కనిపిస్తోంది. దుప్పటి మీద ముడత లేదు.

ఆ ఉదయం ఎందుకో సొరుగులోంచి తీసి జేబులో వేసుకొచ్చిన మా ఆవిడ ఫోను బయటికి తీశాను. ఊరు వెళ్తున్నాను అంటే తిరిగొచ్చేదాకా కుర్చీ అట్టే పెడతారట. వీలుపడదు అంటే ఒక్క రోజే. మారాను అంటే ఆ రెండో కేంద్రం ఒప్పుకోవాలి. నాలుగోది నొక్కాను.

'అభినందనలు! మీరు పూర్తిగా కోలుకున్నందుకు సంతోషిస్తున్నాం. మా సేవకు ఎన్ని నక్షత్రాలు?'

ఐదూ ఇచ్చాను. ఇవ్వందే రద్దు పూర్తి కాదు.

పది నిమిషాల్లో డ్రైవరు పేరుతో చీటీ వచ్చింది. హెడ్ నర్సు, నేను చెరో రెక్కా పట్టుకుని లేపాం. ఆరో నంబరు కుర్చీలో కూర్చున్నాడు. మిషను తిరిగింది.

కాబట్టి పాఠకులారా, ఇకమీదట ఎవరైనా తెల్లబోర్డు ముందు కూర్చోబెట్టి "తేడా ఏం రావచ్చు?" అని అడిగితే బస్సు గురించి చెప్పండి, కరెంటు గురించి చెప్పండి. అంతకు మించి నోరు మెదపకండి. బిస్కెట్లు తిని సంతకం పెట్టి రండి. మర్యాద ముఖ్యం!

వస్తుంటే హాల్లో టీవీ వెలిగింది. కేంద్రం ఘనతలు వేస్తున్నారు. కుర్చీలు పన్నెండు. సేవలో ఉన్న పేషెంట్లు నలభై ఎనిమిది. పూర్తిగా కోలుకున్నవారు ఒకరు.

ఇంతకు ముందు అక్కడ సున్నా ఉండేది. బెంచీల మీద వాళ్లంతా తలెత్తి చూశారు. చేతికి కట్టుతో ఉన్న ఒక పెద్దావిడ నా చొక్కా పట్టుకుని ఆపింది.

"ఎవరు నాయనా ఆ ఒక్కరు? ఏం మందు వాడారట?"

"మందు కాదమ్మా" అన్నాను. "మా ఆవిడ ఒక ప్రశ్న అడిగింది. నలుగురం కలిసి నోరు మూయించాం. మొదటివాణ్ని నేనే."